రామప్ప చెరువు కట్ట మీద

హనుమకొండ దగ్గర ఒక ఊరు. ఆ ఊళ్లో పది మంది ఆడవాళ్ల పొదుపు సంఘం ఉంది. ప్రతి శనివారం రాత్రి వాళ్లంతా సమ్మక్క ఇంటి అరుగు మీద కూర్చుంటారు. ముందు పొదుపు డబ్బులు కడతారు. తర్వాత పలకలు, పుస్తకాలు తీస్తారు. చదువు చెప్పేది రజిత. రజిత ఆ ఊరి కోడలు. ఇంటర్ వరకు చదివింది.

అది కార్తీక మాసం. ఒక శనివారం ఎల్లవ్వ అన్నది.

"బిడ్డా, నాకు అరవై దాటినయ్. రామప్ప గుడి ఎన్నడో చిన్నప్పుడు మా నాయిన భుజం మీద కూసోని చూసిన. ఇంకొక్కసారి చూపియ్యరాదుండ్రి."

"వచ్చే సోమవారం పోదాం. అందరం పోదాం" అన్నది సమ్మక్క.

సంఘం ఆడవాళ్లు పది మంది. రజితతో కలిపి పదకొండు మంది. మనిషికి 150 రూపాయలు వేసుకున్నారు. మొత్తం 1,650 రూపాయలు అయ్యాయి. పులిహోర, గారెలు, పెరుగన్నం ఇంటి నుంచే కట్టుకుపోవాలి. చెరువు కట్ట మీద చెట్టు కింద తినాలి. అదే వనభోజనం.

"మరి ఈ పైసలు ఎవరి దగ్గర ఉండాలె? లెక్క ఎవరు రాయాలె?" అని సమ్మక్క అడిగింది.

రజిత లచ్చమ్మ వైపు చూసింది.

"లచ్చమ్మక్క రాస్తది."

లచ్చమ్మ గాబరా పడింది. "నాతోని కాదు రజితా. వానకాలం మొదలైన సంది నేను పుస్తకం ముట్టలే. నాట్లు, కలుపులు. అక్షరాలు సగం మరిచిన. ఇంకెవ్వరికన్న ఇయ్యు."

"రాస్తేనే కద అక్కా మరువకుంట ఉండేది" అన్నది రజిత.

లచ్చమ్మ భయానికి ఒక కారణం ఉంది. చదువు రాక ముందు ఆమె ఒకచోట అప్పు తీసుకుంది. తీసుకున్నది 2,000 రూపాయలు. కాగితం మీద వేలిముద్ర వేసింది. తీర్చబోతే ఆ కాగితం మీద 5,000 అని ఉంది. "నేను తీసుకున్నది రెండు వేలే" అని లచ్చమ్మ ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. "వేలిముద్ర నీదే కదా" అన్నారు. ఆ అప్పు తీర్చడానికి మేకలు అమ్ముకున్నారు. ఆ తర్వాతనే లచ్చమ్మ చదువుకు వచ్చింది. అయినా డబ్బు, కాగితం ఒక్కచోట కనబడితే ఇప్పటికీ ఆమె గుండె దడదడలాడుతుంది.

ఇంటికి పోయి చెబితే భర్త రాజయ్య కూడా అదే మాట అన్నాడు.

"ఊరోళ్ల పైసలు నీకెందుకే? లెక్క తప్పితే ఎవరు కడతరు?"

లచ్చమ్మ జవాబు చెప్పలేదు. రెండు రూళ్ల నోటు పుస్తకం, పెన్ను, డబ్బు ఒక గుడ్డ సంచిలో పెట్టింది. ఆ సంచిని మంచం కింద కాదు, తల కింద పెట్టుకుని పడుకుంది.

బస్సు బోర్డు

సోమవారం తెల్లవారక ముందే బయలుదేరారు. హనుమకొండ బస్టాండులో దిగారు. అక్కడ బోలెడన్ని బస్సులు. మునుపైతే పక్కన ఎవరైనా మగమనిషి కనబడితే "అన్నా, ఈ బస్సు ఎటు పోతది?" అని అడిగేవాళ్లు. ఆయన చిరాకు పడితే ఇంకొకరిని అడిగేవాళ్లు.

ఈసారి పదకొండు మంది బోర్డుల వైపే చూశారు.

"ఏ... టూ... రు... నా... గా... రం" అని లచ్చమ్మ కూడబలుక్కుని చదివింది.

"అదే. ఏటూరునాగారం బస్సు ములుగు మీదుగనే పోతది. ఎక్కుండ్రి" అన్నది రజిత.

తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు డబ్బులు లేకుండా ప్రయాణం 2023 డిసెంబరులో మొదలైంది. ఆధార్ కార్డు చూపితే కండక్టరు సున్నా టికెట్టు ఇస్తాడు. బస్సు కదలగానే లచ్చమ్మ నోటు పుస్తకం తెరిచింది. మొదటి వరుసలో "బస్సు" అని రాసింది. దాని ఎదురుగా "0" అని రాసింది.

ఎల్లవ్వ తొంగి చూసింది. "సున్నకు గూడ రాసుడేనా?"

"రాయాలె అత్తా. రాయకపోతే బస్సు ఖర్చు మరిచిందంటరు."

ములుగులో దిగి చాయ తాగారు. ఎల్లవ్వ తాగలేదు. "నాకు ఇయ్యాల ఒక్కపొద్దు. పొద్దు గూకినంక తింట" అన్నది. ఆమె వంతు చాయ కొమురమ్మ తాగింది. చాయ పది రూపాయల చొప్పున 110. రెండు ఆటోలు మాట్లాడారు. ఒక్కో ఆటోకు 250. మొత్తం 500. లచ్చమ్మ రెండు వరుసలూ రాసింది. చేయి వణికింది గానీ అంకెలు సరిగ్గానే వచ్చాయి.

ఆటోలు పాలంపేట దారి పట్టాయి. రోడ్డుకు అటూ ఇటూ వరి పొలాలు. పంట కోతకు వచ్చి పసుపు పచ్చగా ఉంది.

గుడి

రామప్ప గుడి ములుగు జిల్లాలో పాలంపేట ఊరి దగ్గర ఉంది. గుడిలో ఉన్న దేవుడు శివుడు. ఆయన పేరు రుద్రేశ్వరుడు. కానీ రుద్రేశ్వరాలయం అంటే చాలామందికి తెలియదు. రామప్ప గుడి అంటేనే తెలుస్తుంది. గుడి చెక్కిన పెద్ద శిల్పి పేరు రామప్ప అనీ, ఆయన పేరే గుడికి నిలిచిందనీ జనం చెప్పుకుంటారు.

ఐదు కొబ్బరికాయలు కొన్నారు. కాయ 30 చొప్పున 150. రెండు డజన్ల అరటిపండ్లు 120. రాయడం అయ్యాక లచ్చమ్మ సంచి భుజానికి తగిలించుకుంది.

గేటు దాటగానే ఒక బోర్డు ఉంది. ఎల్లవ్వ అక్కడ ఆగింది. ఆమె చదువు మొదలుపెట్టి ఏడాది కాలేదు. వేలు పెట్టి ఒక్కో అక్షరం పట్టుకుంది. "ర... క్షి... త... క..." అక్కడ ఆగిపోయింది. కొమురమ్మ అందుకుంది. "రక్షిత కట్టడం."

"అంటే ఏందే?"

"సర్కారు కాపాడే కట్టడం అన్నట్టు. దీన్ని పాడు చేసినా, గీతలు గీసినా శిక్ష పడతది. జైలు, జరిమానా రెండూ ఉన్నయ్" అని రజిత చెప్పింది.

గుడి ఎత్తైన అరుగు మీద ఉంది. అరుగు నక్షత్రం ఆకారంలో, మూలలు మూలలుగా ఉంటుంది. గోడలకు ఎర్రటి ఇసుకరాయి. లోపలి స్తంభాలకు నల్లరాయి. ఆ నల్లరాయి అద్దంలాగా మెరుస్తుంది. గోడ చుట్టూ ఏనుగుల వరుస చెక్కి ఉంది. ఒక ఏనుగు వెనుక ఇంకొక ఏనుగు. సమ్మక్క లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో మరిచిపోయింది.

గుడికి ఎదురుగా నంది కూర్చుని ఉంది. మెడలో గంటలు, వీపు మీద నగలు. చెవులు రిక్కించి ఉన్నాయి. పిలిస్తే లేచి వచ్చేటట్టు ఉంటుంది.

పై కప్పు కింద స్తంభాలకు ఆనించి ఆడవాళ్ల బొమ్మలు ఉన్నాయి. మనిషంత బొమ్మలు. ఒకామె పాములను నగలుగా వేసుకుంది. ఒకామె కాలికి ఎత్తు మడమల చెప్పులు ఉన్నాయి. దాన్ని చూసి కొమురమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "గిప్పుడు పట్నం పిల్లలు ఏసుకునేటియి అప్పుడే ఉన్నయా!"

గుడి లోపల నాట్యం చేసేవాళ్ల బొమ్మలు చాలా ఉన్నాయి. కాకతీయుల కాలంలో పేరిణి అనే నాట్యం ఉండేది. తర్వాత అది మరుగున పడింది. నటరాజ రామకృష్ణ అనే నాట్యాచార్యుడు ఈ బొమ్మల నిలబడే తీరు, చేతులు కాళ్లు పెట్టే తీరు చూశాడు. జాయప సేనాని రాసిన నాట్య గ్రంథం చదివాడు. ఆ రెండింటి సాయంతో పేరిణిని మళ్లీ లేపాడు.

గుడి శిఖరం గురించి రజిత చెబితే మొదట ఎవరూ నమ్మలేదు. శిఖరం ఇటుకలతో కట్టింది. ఆ ఇటుకలు నీళ్లలో వేస్తే తేలుతాయి. అంత తేలికైనవి. లోపలంతా సన్నని రంధ్రాలు ఉంటాయి. శిఖరం బరువు తగ్గితే కింది గోడల మీద భారం తగ్గుతుంది.

"ఇటుక ఎట్ల తేలుతది?" అన్నది సమ్మక్క.

లచ్చమ్మ కాసేపు ఆలోచించింది. "మనం పొయ్యి పెట్టేటప్పుడు మట్టిల ఊక కలుపుతం కదా. ఊక కాలిపోతే ఆడ బొక్కలు పడతయ్. పొయ్యి తేలికైతది. గసొంటిదే కావచ్చు."

"అట్లాంటిదే. మట్టిలో కాలిపోయే వస్తువులు కలిపి కాల్చారని చదువుకున్నోళ్లు కూడ చెబుతరు" అన్నది రజిత.

పునాది కూడా వేరుగా ఉంటుంది. గోతిలో ఇసుక నింపి, దాని మీద గుడి కట్టారు. భూమి అదిరినప్పుడు ఆ ఇసుక కొంత అదురును తనలో ఇముడ్చుకుంటుంది. కొన్నిచోట్ల నేల రాళ్లు కుంగాయి. కొన్ని దూలాలు పగిలాయి. గుడి మాత్రం 800 ఏళ్లు దాటినా నిలబడి ఉంది. 2021 జులైలో ఐక్యరాజ్యసమితి సంస్థ యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చింది. తెలంగాణ నుంచి ఆ జాబితాలోకి ఎక్కిన మొదటి కట్టడం ఇదే.

దర్శనం అయ్యాక కొమురమ్మ కనబడలేదు. వెతికితే ఒక స్తంభం వెనుక ఉంది. చేతిలో కుంకుమ పొట్లం ఉంది. వేలికి కుంకుమ అద్దుకుని రాతి మీద "కొ" అని రాయబోతున్నది.

"వదినె! ఏం చేస్తున్నవ్?" అని లచ్చమ్మ చెయ్యి పట్టుకుంది.

"నా పేరు రాస్తున్న. మొన్ననే వచ్చింది కదా. శివుని కాడ ఉంటే పుణ్యం."

"ఇందాక బోర్డు చదివింది నువ్వే కదా వదినె!"

కొమురమ్మ నాలుక కరుచుకుంది. కానీ మొహం చిన్నబోయింది. యాభై ఏళ్ల వయసులో నేర్చుకున్న పేరు. ఎక్కడో ఒకచోట రాయాలని ఆమెకు తహతహ. లచ్చమ్మ నోటు పుస్తకం తీసి వెనుక అట్ట లోపలి వైపు చూపించింది. "ఇక్కడ రాయి." కొమురమ్మ స్తంభానికి వీపు ఆనించి, పుస్తకం మోకాళ్ల మీద పెట్టుకుని చాలాసేపు రాసింది.

రాతి మీద రాసింది

గుడి ఆవరణలో ఒక చిన్న మండపం ఉంది. అందులో నల్లరాతి స్తంభం. దాని మీద సన్నని అక్షరాలు చెక్కి ఉన్నాయి. అది శాసనం.

"ఇది ఏం భాష?" అని లచ్చమ్మ అడిగింది. ఒక్క అక్షరం కూడా ఆమెకు పట్టుబడలేదు.

"సంస్కృతం. నాకు కూడ రాదక్కా" అన్నది రజిత. "పండితులు చదివి తెలుగులో చెప్పిండ్రు. ఈ గుడి కట్టించినాయన రేచర్ల రుద్రుడు. కాకతీయ రాజు గణపతిదేవుని దగ్గర సేనాపతి. 1213లో ఈ శాసనం వేయించిండు. గుడి ఒక్కటే కాదు. చెరువు కూడ కట్టించిండు."

"గణపతిదేవుడు అంటే రుద్రమదేవి నాయినే కదా?" అని సమ్మక్క అడిగింది.

"ఆయనే. ఆయన తర్వాత రాజ్యం ఏలింది రుద్రమదేవి."

ఆ శాసనం లేకపోతే గుడి ఎవరు కట్టారో, ఎప్పుడు కట్టారో ఇంత గట్టిగా చెప్పలేం. అక్కడికి దగ్గరలోనే కామేశ్వరాలయం అని ఇంకొక గుడి ఉండేది. అది కూలిపోయే స్థితికి వచ్చింది. మళ్లీ కట్టాలని దాని రాళ్లు విప్పారు. ఏ రాయి ఎక్కడిదో తెలియడానికి రాళ్లకు అంకెలు వేశారు. అంకె చెరిగిపోతే ఆ రాయి చోటు ఏదో వెతుక్కోవాలి.

చెరువు

గుడి నుంచి చెరువు సుమారు ఒక కిలోమీటరు దూరం. నడిచే పోయారు. ఎండ ఎక్కింది.

కట్ట ఎక్కగానే అందరూ ఒక్కసారి మాటలు ఆపారు. ముందు నీళ్లు. ఎంత దూరం చూసినా నీళ్లే. నీళ్ల వెనుక గుట్టలు. గుట్టల మీద అడవి. ఆ గుట్టల నీడ నీళ్లలో కదులుతున్నది. గాలి చల్లగా తగిలింది. వెనక్కి తిరిగి చూస్తే కట్ట కింద కోతకు వచ్చిన వరి. ముందు నీలం, వెనుక పసుపు. నడుమ కట్ట.

కాకతీయులు ఇట్లాంటి చెరువులు చాలా కట్టించారు. పాకాల, లక్నవరం, ఘనపురం ఆ కాలానివే. గుట్టల నడుమ వాన నీళ్లు ఎటు పారుతాయో చూస్తారు. ఆ దారికి అడ్డంగా కట్ట పోస్తారు. మూడు వైపులా గుట్టలే గోడలు. నాలుగో వైపు మనిషి పోసిన కట్ట. పొలాలకు నీళ్లు వదలడానికి తూములు. చెరువు నిండితే ఎక్కువ నీళ్లు పోవడానికి మత్తడి. పై చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువులోకి పోతాయి. అందుకే వీటిని గొలుసుకట్టు చెరువులు అంటారు. 800 ఏళ్ల కిందటి రామప్ప చెరువు కింద ఇప్పటికీ వేల ఎకరాలు పండుతున్నాయి.

లచ్చమ్మ కట్ట మీద నిలబడి ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసింది. ఆమె ఉపాధి హామీ పనిలో ఊరి చెరువు పూడిక తీసింది. తట్ట మోసింది.

"రజితా, అప్పుడు మిషన్లు లేవు కదా. ఈ మట్టి అంత తట్టలతోనే పోసిండ్రా?"

"తట్టలు, ఎడ్ల బండ్లు. అవే ఉండె."

"మన ఊరి చెరువుల నలభై మందిమి ఎండకాలం అంత తవ్వినం. ఒక మూల కూడ తీరలే. దీనికి ఎంత మంది మోసిండ్రో! రాతి మీద వాళ్ల పేర్లు ఉన్నయా?"

"లేవక్కా. రాజు పేరు, సేనాపతి పేరు, వాళ్ల వంశం పేర్లు ఉన్నయ్."

"మోసినోళ్లలో ఆడోళ్లు గూడ ఉంటరు" అన్నది ఎల్లవ్వ. అని, కట్ట మీద కూలబడింది.

మొదట ఎవరూ గమనించలేదు. లచ్చమ్మ ముందుగా చూసింది. ఎల్లవ్వ మొహం నిండా చెమటలు. చేతులు వణుకుతున్నాయి. మాట ముద్దగా వస్తున్నది. లచ్చమ్మ ఉరికి పోయి ఆమె తల ఒడిలో పెట్టుకుంది.

"శివయ్య పూనిండు కావచ్చు" అని ఎవరో అన్నారు.

రజిత దగ్గర కూర్చుంది. "అవ్వా, షుగరు గోళీ ఏసుకున్నవా పొద్దున?"

ఎల్లవ్వ తల ఊపింది.

"ఏం తినకుంట ఏసుకున్నవా?"

మళ్లీ తల ఊపింది.

తెచ్చుకున్న నీళ్లు అప్పటికే అయిపోయాయి. అరటిపండు నమిలే ఓపిక ఎల్లవ్వకు లేదు. రజిత లచ్చమ్మను ఒక మాట అడిగి, ఒక నోటు కొమురమ్మ చేతిలో పెట్టింది. "అత్తా, ఆ దుకాణంల గ్లూకోజు, నీళ్లు పట్టుకరా. ఉరుకు!"

కొమురమ్మ చెప్పులు వదిలేసి ఉరికింది. గ్లూకోజు పొట్లం, మూడు నీళ్ల సీసాలు తెచ్చింది. రజిత సగం గ్లాసు నీళ్లలో మూడు చెంచాల గ్లూకోజు కలిపింది. ఎల్లవ్వను లేపి కూర్చోబెట్టి కొంచెం కొంచెం తాగించింది. పావుగంటకు చెమటలు ఆగాయి. వణుకు తగ్గింది. అప్పుడు పెరుగన్నం పెట్టారు. "ఒక్కపొద్దు తప్పింది" అని ఎల్లవ్వ కళ్లనీళ్లు పెట్టుకుంది. "శివుడు గోళీ సంగతి కూడ ఎరుగును, తిను" అని సమ్మక్క కసిరింది.

తినేటప్పుడు రజిత అందరికీ చెప్పింది. షుగరు గోళీ, షుగరు సూది రక్తంలోని చక్కెరను తగ్గిస్తాయి. గోళీ వేసుకుని ఏమీ తినకపోతే చక్కెర మరీ తగ్గిపోతుంది. చెమటలు, వణుకు, గుండె దడ, కళ్లు తిరగడం, మాట తడబడడం దాని గుర్తులు. మనిషి తెలివిలో ఉండి మింగగలిగితే వెంటనే గ్లూకోజు గానీ చక్కెర నీళ్లు గానీ తాగించాలి. పావుగంటకు తగ్గకపోతే ఇంకోసారి ఇవ్వాలి. తగ్గాక అన్నం పెట్టాలి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. షుగరు ఉన్నవాళ్లు ఒక్కపొద్దు ఉండాలనుకుంటే గోళీ సంగతి ముందుగా డాక్టరును అడగాలి.

లచ్చమ్మ పుస్తకం తీసి ఒక వరుస రాయడం మొదలుపెట్టింది. ఇంతలో ఎల్లవ్వ "బిడ్డా, జర చెయ్యి ఇయ్యు, లేస్త" అని పిలిచింది. లచ్చమ్మ పుస్తకం మూసి లేచింది.

ఖాళీ సీసాలు, పొట్లం, ఆకులు అన్నీ ఏరి సంచిలో వేసుకున్నారు. చెరువు నీళ్లలో ఏమీ పడేయలేదు. కట్ట అంచున ఒక్క దీపం పెట్టి ఎల్లవ్వ చేత దండం పెట్టించారు. పడవ ఎక్కుదామని ఇద్దరు ఆశపడ్డారు గానీ ఎల్లవ్వను వదిలి పోవడానికి ఎవరికీ మనసు రాలేదు.

వంద రూపాయలు

తిరుగు ఆటోలకు 500 ఇచ్చారు. రజిత ములుగులో ఆగిపోయింది. ఆమె తల్లిగారిల్లు అక్కడే. మిగతా పది మంది బస్సెక్కారు.

బస్సులో సమ్మక్క అన్నది. "లచ్చమ్మా, లెక్క చూడు. మిగిలింది ఎంతనో ఇక్కడనే చెప్పుకుందాం."

లచ్చమ్మ అంకెలు కింద కింద రాసి కూడింది. చాయ 110, పోయేటప్పుడు ఆటోలు 500, కొబ్బరికాయలు 150, అరటిపండ్లు 120, వచ్చేటప్పుడు ఆటోలు 500. మొత్తం 1,380. వచ్చిన డబ్బు 1,650. అందులోంచి 1,380 తీస్తే 270 మిగలాలి.

సంచిలో డబ్బు లెక్కపెట్టింది. 170 ఉంది.

మళ్లీ లెక్కపెట్టింది. 170.

లచ్చమ్మ చెవుల్లో గుయ్యిమన్నది. సంచి బోర్లించింది. ఖాళీ సీసాలు దొర్లాయి. ఇంకేమీ లేదు.

"వంద తక్కువ ఉన్నదా?" అన్నది కొమురమ్మ. "సంచి నీ భుజం మీదనే ఉండె కదా."

ఆమె చెడు మనసుతో అన్నదో మామూలుగా అన్నదో తెలియదు. కానీ ఆ మాటకు బస్సులో అందరూ లచ్చమ్మ వైపు తిరిగారు. లచ్చమ్మకు ఆ పాత కాగితం గుర్తుకు వచ్చింది. వేలిముద్ర నీదే కదా. రాజయ్య మాట గుర్తుకు వచ్చింది. లెక్క తప్పితే ఎవరు కడతరు?

"నేను కడత" అనబోయింది. మాట నోటి దాకా వచ్చింది.

"ఆగు" అన్నది సమ్మక్క. "రజితకు ఫోన్ చేద్దాం." చేశారు. రజిత ఎత్తలేదు.

"రాసింది ఉన్నది కదా బిడ్డా, చదువు" అన్నది ఎల్లవ్వ. "అంకెలు కాదు. అంత చదువు. మొదటి సంది."

లచ్చమ్మ కళ్లు తుడుచుకుని చదివింది. బస్సు, సున్నా. చాయ, నూట పది. ఆటోలు, ఐదు వందలు. కొబ్బరికాయలు, నూట యాభై. అరటిపండ్లు, నూట ఇరవై. ఆ తర్వాతి వరుస దగ్గర ఆగింది.

"ఎల్లవ్వ. నీళ్లు. గ్లూకోజు."

ఎదురుగా అంకె లేదు. ఖాళీ. అంకెలు మాత్రమే కూడింది కాబట్టి ఆ వరుస లెక్కలోకి రాలేదు.

"వదినె, ఆ నోటు రజిత నీకు ఏడికెల్లి ఇచ్చింది?"

కొమురమ్మ తెల్లబోయింది. "రజిత పైసలే అనుకున్న."

"నా సంచిల నుంచి తీసుకోమని నేనే అన్న. యాదికి లేదు. అత్త తల పట్టుకోని ఉంటి. ఎంత అయింది?"

"నోటు ఇచ్చిన. వాపసు ఏం ఇయ్యలే. ఎంతో అడగలే. ఉరికొచ్చిన."

లచ్చమ్మ ఒళ్లో పడి ఉన్న ఖాళీ సీసా తీసింది. దాని మీద అన్నీ ఇంగ్లీషు అక్షరాలు. అవి రావు. కానీ అంకెలు వచ్చు. తిప్పి తిప్పి చూసింది. ధర దొరికింది. 20. మూడు సీసాలు, మూడిరవైలు అరవై. గ్లూకోజు పొట్లం వెతికింది. నలిగిపోయి ఉంది. సాపు చేసి చూసింది. 40.

అరవై, నలభై. వంద.

బస్సు ఊగుతుండగానే ఆ వరుసకు ఎదురుగా "100" అని రాసింది. మొత్తం 1,480 అయింది. మిగిలింది 170. సంచిలో ఉన్నదీ అదే.

కొమురమ్మ చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. హనుమకొండ దగ్గర పడ్డాక లచ్చమ్మ పక్కన వచ్చి కూర్చుంది. "చెరువు కాడ చెప్పులు వదిలేసి ఉరికిన. వాపసు వచ్చినంక వేసుకున్ననా లేదా, జర చూడు" అన్నది. కాళ్లకు చెప్పులు ఉన్నాయి. ఇద్దరూ నవ్వారు.

ఆ వంద తానిస్తానని ఎల్లవ్వ పట్టుబట్టింది. ఎవరూ ఒప్పుకోలేదు. 170 పదకొండు మందికి పంచితే మనిషికి 15 వస్తుంది, 5 మిగులుతుంది. చిల్లర ఎవరి దగ్గరా లేదు. సంఘం పెట్టెలో వేద్దామన్నారు.

ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిది దాటింది. రాజయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"లెక్క కుదిరిందా?"

లచ్చమ్మ నోటు పుస్తకం అతని చేతిలో పెట్టింది. రాజయ్యకు చదువు రాదు. పుస్తకం అటూ ఇటూ తిప్పి మళ్లీ ఆమెకే ఇచ్చాడు.

"ఏం రాసినవో చదువు."

లచ్చమ్మ లైటు కిందికి జరిగి మొదటి వరుస నుంచి చదివింది. నీళ్లు, గ్లూకోజు దగ్గర ఆగి జరిగింది చెప్పింది. అంతా అయ్యాక రాజయ్య వెనుక అట్ట చూపించాడు.

"ఇది నీ రాత కాదు కదా?"

"కాదు. అది మా వదినె రాసింది."

అట్ట నిండా పెద్ద పెద్ద అక్షరాలతో "కొమురమ" అని ఉంది. ఒక వత్తు తప్పింది.

మాట్లాడుకోండి, రాయండి

ఎల్లవ్వకు కళ్లు ఎందుకు తిరిగాయి? మీ ఇంట్లో షుగరు గోళీలు వేసుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా? వాళ్లకు ఈ సంగతి చదివి వినిపించండి.

లచ్చమ్మ మొదట కూడినప్పుడు లెక్క ఎందుకు తప్పింది?

మీ ఇంట్లో ఉన్న ఒక నూనె పొట్లం గానీ సబ్బు గానీ తీసుకోండి. దాని మీద ధర ఎక్కడ ఉందో వెతకండి.

మీ ఊరి చెరువు పేరేమిటి? తూములు ఎన్ని? మత్తడి ఎటువైపు? పెద్దవాళ్లను అడిగి నాలుగు వాక్యాలు రాయండి. చెరువు పనిలో తట్ట మోసినవాళ్లు మీలో ఉంటే వాళ్ల పేర్లు కూడా రాయండి.

కొమురమ్మ పేరు వత్తు పెట్టి రాయండి.